ఋతుపర్ణుని తానిచెట్టు, కల్లములోని ధాన్యరాశి

ఒక్కొక్కటిగా లెక్కించుటకు వీలుకానంత విస్తారమైన రాశి కన్నుల యెదుట ఉన్నప్పుడు, దాని పరిమాణమును గూర్చి మనకు కలిగే జ్ఞానము ప్రమాణజన్యమా, లేక కేవలము ఊహయా? ఈ ప్రశ్న తార్కికులకు ఎంత ముఖ్యమో, కల్లములో వడ్లకుప్ప పోసికొని నిలిచిన కర్షకునకు అంతకంటె ముఖ్యము. రాజన్న సిరిసిల్ల జిల్లాలో, అడవి అంచున, తండాల నడుమ ఉన్న వీర్నపల్లి వంటి ఊరిలో వరికోతల కాలమున ఈ ప్రశ్న ప్రతి ఇంటా పుడుతుంది. కుప్ప ఎన్ని బస్తాలు అవుతుంది? అప్పు తీరగా మిగిలేదెంత? తూకమునకు ముందే రైతు ఒక సంఖ్యను మనసులో నిలుపుకొంటాడు. ఆ సంఖ్యకు ఆధారమేమి?

ఈ ఆధారమును అన్వేషించి, నియమబద్ధము చేసి, బాలురకు బోధింపదగిన విద్యగా తీర్చిన చరిత్ర భారతదేశములో సుదీర్ఘమైనది. ఆ విద్యకు ప్రాచీనులు పెట్టిన పేరు సంఖ్యానము.

విభీతక వృక్షచ్ఛాయలో

మహాభారతము వనపర్వములోని నలోపాఖ్యానము అందరికీ తెలిసినదే. ద్యూతములో రాజ్యము కోల్పోయి, కలిపీడితుడై, వికృతరూపము ధరించిన నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యాపతియైన ఋతుపర్ణుని వద్ద సారథిగా ఉంటాడు. దమయంతీ పునఃస్వయంవర వార్త విని ఋతుపర్ణుడు విదర్భకు బయలుదేరుతాడు. నలుడు తోలే రథవేగమునకు రాజు ఆశ్చర్యపడతాడు. జారిపడిన ఉత్తరీయమును తీసుకొని రమ్మనే లోపల రథము ఒక యోజనము దాటిపోతుంది. అప్పుడు తన విద్యను కూడ ప్రదర్శింపదలచిన ఋతుపర్ణుడు త్రోవలోని ఒక విభీతక వృక్షమును చూపుతాడు. త్రిఫలములలో ఒకటైన తానికాయను ఇచ్చే చెట్టు అదియే. తెలంగాణ అడవులలో నేటికీ కనబడుతుంది. దాని కాయలే ప్రాచీనకాలములో పాచికలు.

రాలిపడిన ఆకుల, కాయల లెక్క చెప్పి, రెండు కొమ్మల మీద 5 కోట్ల ఆకులు, 2,095 కాయలు ఉన్నవని రాజు పలుకుతాడు. నలుడు ఆ మాటను విని తల ఊపి ఊరకుండలేదు. రథమును నిలిపాడు. ఆలస్యమగునని రాజు వారించినను, లెక్కించి చూడక కదలనన్నాడు. చెట్టును పడగొట్టి కాయలను లెక్కించాడు. రాజు చెప్పినన్ని కాయలే ఉన్నవి. ఈ విద్య ఎట్టిదని నలుడు అడుగగా, తాను అక్షహృదయము తెలిసినవాడననీ, సంఖ్యానములో విశారదుడననీ ఋతుపర్ణుడు చెప్పాడు. అశ్వహృదయమునకు ప్రతిగా నలుడు ఆ విద్యను గ్రహించిన క్షణములోనే కలి ఆయన దేహమును విడిచి బయటకు వచ్చాడు.

ఆంధ్రమహాభారతములో ఈ కథను తెలుగు చేసినవాడు నన్నయభట్టారకుడు. పాశ్చాత్య విద్వాంసులలో ఇయాన్ హాకింగ్ 1975లో సంభావ్యతాభావము యొక్క ఆవిర్భావముపై రచించిన గ్రంథములో ఈ ఘట్టమును ప్రత్యేకముగా ప్రస్తావించాడు. కొంత భాగమును చూచి మొత్తమును నిర్ణయించుటకు, జూదములోని అనిశ్చితికి గల సంబంధమును ఇంత ప్రాచీనమైన కథ గుర్తించినదే అని ఆయన ఆశ్చర్యము.

ఈ కథలో మూడు అంశములు గమనింపదగినవి. మొదటిది, రాజు చెట్టునంతటినీ చూడలేదు, రెండు కొమ్మలను ఎన్నుకొన్నాడు. రెండవది, ఆయన ఒక నిర్దిష్ట సంఖ్యను పరీక్షకు యోగ్యమగునట్లు ప్రకటించాడు. మూడవది, శిష్యుడు గురువాక్యమును ప్రత్యక్షముతో సరిచూచుకొన్న పిదపనే స్వీకరించాడు. అంశగ్రహణము, సంఖ్యానిర్దేశము, పరీక్షణము: ఈ మూడింటిలో ఏది లోపించినను అది సంఖ్యానము కాదు, సోదె మాత్రమే.

ఒక మెతుకు, ఒక బిందువు

భాగము నుండి సమస్తమును తెలిసికొనుటను మన దర్శనములు కూడ విచారించినవి. కుండలోని అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు చాలును. దీనిని స్థాలీపులాక న్యాయము అంటారు. పతంజలి మహాభాష్యములోనే ఈ దృష్టాంతము కలదు. సాంఖ్యకారికలకు భాష్యము వ్రాసిన గౌడపాదుడు శేషవత్ అనుమానమునకు ఉదాహరణగా సముద్రజలమును చెప్పాడు. కొంచెము నీరు ఉప్పగా ఉన్నట్లు తెలిసినచో, శేషించిన జలము కూడ అట్టిదేనని అనుమానము.

ఈ రెండు దృష్టాంతములు సత్యమగుటకు కారణము ఒక్కటే. కుండలో పాకము అంతటా సమానము. సముద్రములో లవణము అంతటా వ్యాపించి ఉన్నది. ఈ సమత్వము లేనిచోట అనుమానము చెడుతుంది. అడుగంటిన కుండలో పైమెతుకు అడుగుసంగతి చెప్పదు. అట్లే చెట్టునకు ఎండ తగిలే కొమ్మ కాపు వేరు, నీడకొమ్మ కాపు వేరు. తార్కికుని భాషలో చెప్పవలెనన్న, భాగమునందు కనబడిన ధర్మము సమస్తమునందు వ్యాపించి ఉన్నదనుటకు అడ్డువచ్చే ఉపాధి ఏదైన ఉన్నదా అని ముందు విచారింపవలెను. ఋతుపర్ణుని ప్రావీణ్యము గుణకారములో లేదు. ఏ రెండు కొమ్మలను చూడవలెనో తెలియుటలో ఉన్నది.

రాశివ్యవహారము

కథలోని ఈ విద్య గణితగ్రంథములలో కల్లములోనికి దిగివచ్చినది. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతములోను, భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలోను రాశివ్యవహారము అనే ప్రకరణము కలదు. నేలపై పోసిన ధాన్యపు కుప్పను కొలపాత్రతో కొలువకుండ, ఒక్క త్రాడుతో లెక్కగట్టే పద్ధతి ఇది.

కుప్ప చుట్టుకొలతను హస్తములలో, అనగా మూరలలో, కొలువవలెను. దానిలో ఆరవవంతును వర్గము చేసి, కుప్ప ఎత్తుతో గుణింపవలెను. వచ్చిన ఫలము ఘనహస్తములు. ఒక ఘనహస్తమునకు మాగధఖారిక అని పేరు. కుప్ప నడిమి ఎత్తును కొలుచుట కష్టము గదా! దానికిని ఉపాయము చెప్పారు. శనగల వంటి స్థూలధాన్యములకు ఎత్తు చుట్టుకొలతలో పదవవంతు. ఆవాల వంటి అణుధాన్యములకు పదకొండవవంతు. వడ్లు, యవల వంటి శూకధాన్యములకు తొమ్మిదవవంతు.

ఈ భేదమునకు కారణము ధాన్యస్వభావమే. నున్నని ఆవగింజలు ఒకదానిపై నొకటి నిలువక జారుతాయి కనుక కుప్ప పరచుకొంటుంది. గరుకుపొట్టు, మూతిముల్లు గల వడ్లు ఒకదాని నొకటి పట్టుకొంటాయి కనుక కుప్ప నిటారుగా లేస్తుంది. నేటి భౌతికశాస్త్రము దీనిని కుప్ప నిలిచే కోణముగా కొలుస్తుంది. తొమ్మిదవవంతు నియమము ఇచ్చే వాలు దాదాపు 35 డిగ్రీలు, పదకొండవవంతు ఇచ్చేది దాదాపు 30 డిగ్రీలు. కల్లములను ఎంతో శ్రద్ధగా చూచినవారికి గాని ఈ సూక్ష్మము అందదు.

చుట్టుకొలత 60 మూరలైనచో ఫలమెట్లుండునో చూడుడు. ఆరవవంతు 10, దాని వర్గము 100. శనగలైన 600 ఖారికలు, ఆవాలైన 545 చిల్లర, వడ్లైన 666 చిల్లర. గోడకు చేర్చి పోసిన కుప్ప సగము, లోపలి మూలలో పోసినది పాతిక, వెలుపలి మూలను చుట్టినది ముప్పాతిక అని గ్రహించి చుట్టుకొలతను సవరించుకొనే విధానము కూడ ఆ గ్రంథములలో ఉన్నది.

ఈ సూత్రములో పరిధి వ్యాసమునకు మూడురెట్లు అనే స్థూలమానము దాగి ఉన్నది. అందుచేత ఫలము నిజమునకంటె నూటికి దాదాపు 5 వంతులు ఎక్కువగా వస్తుంది. భాస్కరునకు 22/7, 3927/1250 అనే సూక్ష్మమానములు తెలియనివి కావు. వ్యవహారమునకు ఎంత సూక్ష్మత అవసరమో అంతే గ్రహించుట కూడ విద్యలో భాగమే. అయితే ఎంత తప్పు వచ్చునో, ఎటువైపు వచ్చునో తెలిసి ఉండవలెను.

పాఠశాలలో ఒక ధాన్యరాశి

ఈ విద్యను నేటి బాలురకు బోధించుటకు వీర్నపల్లి వంటి గ్రామములోని పాఠశాలకు కావలసిన సామగ్రి స్వల్పము: నాలుగైదు కిలోల వడ్లు, ఒక త్రాడు, ఒక చాయగ్లాసు, ఒక తక్కెడ.

నేలపై వడ్లను 3 మూరల చుట్టుకొలత గల కుప్పగా పోయవలెను. కొలతకు ముందు ప్రతి విద్యార్థి కుప్పలో ఎన్ని గింజలు ఉన్నవని తోచునో పలకపై వ్రాసి బోర్లించవలెను. ఇది ముఖ్యము. వ్రాయని ఊహ ఫలము తెలిసిన తరువాత రూపు మార్చుకొంటుంది, వ్రాసిన ఊహ మారదు. ఋతుపర్ణుడు సంఖ్యను ముందే ప్రకటించుటలోని నిజాయితీ ఇదియే.

అటుపిమ్మట ఒక గ్లాసు వడ్లను పదిమంది పంచుకొని లెక్కింపవలెను. 100 మిల్లీలీటర్ల గ్లాసులో 3,000కు కొంచెము తక్కువగా గింజలు పట్టుతాయి. పదేసి గింజలను ఒక వరుసగా, పది వరుసలను ఒక నూరుగా పేర్చినచో తప్పు దొరలదు. తరువాత లీలావతీ సూత్రమును ప్రయోగింపవలెను. 3 మూరలలో ఆరవవంతు అర. దాని వర్గము పాతిక. ఎత్తు 3లో తొమ్మిదవవంతు, అనగా మూరలో మూడవవంతు. ఫలము ఘనహస్తములో పన్నెండవవంతు, నేటి కొలతలో ఏడున్నర లీటర్లు. అనగా 75 గ్లాసులు. గింజలు 2 లక్షలకు పైగా.

చివరగా కుప్పను గ్లాసుతో కొలిచి ఎత్తవలెను. తెలుగుదేశపు కల్లములలో కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనక లాభము అని పలికే ఆచారము బాలురకు ఇక్కడ గుర్తుచేయదగినది. కొలత ముగిసేసరికి సూత్రము చెప్పిన 75కు కొంచెము తక్కువగా, ఇంచుమించు 72 గ్లాసులు వస్తాయి. ఆ వెలితి ఎందుకు వచ్చినదని బాలురు అడుగుతారు. మూడురెట్ల పరిధిమానము కథ అప్పుడు చెప్పవలెను. ముందే చెప్పినచో అది సూత్రము, అడిగిన తరువాత చెప్పినచో అది జ్ఞానము.

మరొక పరీక్ష కూడ చేయవచ్చును. కుప్ప శిఖరము నుండి ఒక గ్లాసు, అంచు నుండి ఒక గ్లాసు తీసి విడివిడిగా తూచి, తాలు గింజలను వేరుచేయవలెను. రెండును సమానముగా ఉండనక్కరలేదు. పోసేటప్పుడు తేలిక గింజ ఒకచోటికి, గట్టిగింజ మరొకచోటికి చేరుతుంది. ఒక మెతుకు ఎప్పుడు చాలును, ఎప్పుడు చాలదు అనే దర్శనవిచారము బాలుని అరచేతిలోనికి వస్తుంది.

కోటి అనగా ఎంత?

ఇప్పుడు విద్యార్థి ఋతుపర్ణుని వద్దకు తిరిగి పోవచ్చును. వేయి వడ్లగింజల బరువు 20 గ్రాములనుకొనిన, కిలోకు 50,000 గింజలు. 5 కోట్ల గింజలు 10 క్వింటాళ్లు. అనగా రెండు కొమ్మల మీది ఆకులు, పది క్వింటాళ్ల వడ్లకుప్పలోని గింజలన్ని! తునికాకు సేకరణ తెలిసిన ఇంటి బాలుడు మరొక విధముగా లెక్కిస్తాడు. 50 ఆకులు ఒక కట్ట, 1,000 కట్టలు ఒక బస్తా. 5 కోట్ల ఆకులు 1,000 బస్తాలు. రెండు కొమ్మలకు ఇది సాధ్యమా?

సాధ్యము కాదని బాలుడే చెబుతాడు. ఇందులో ఇతిహాసమునకు లాఘవము లేదు. 5 కోట్లు అనేది అపారత్వమును సూచించే కావ్యసంఖ్య, 2,095 అనేది లెక్కకు నిలిచే సంఖ్య. నలుడు లెక్కించినవి కాయలేనని ఇతిహాసము చెప్పుచున్నది. పరీక్షింపదగినదానిని ఆయన పరీక్షించాడు. ఏ సంఖ్య వర్ణన, ఏ సంఖ్య ప్రతిజ్ఞ అనే వివేకము కూడ సంఖ్యానములో అంతర్భాగము.

మహాసంఖ్యలను ఊహించుటలో మన పూర్వులు వెనుదీయలేదు. వేములవాడ చాళుక్యులు సామంతులుగా సేవించిన రాష్ట్రకూట సామ్రాజ్యములో, అమోఘవర్ష నృపతుంగుని కాలమున, 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహము రచించాడు. అందులో ఏకము మొదలు మహాక్షోభము వరకు 24 స్థానములకు పేర్లు చెప్పాడు. ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. నన్నయ వలె ఈయన కూడ రాజరాజనరేంద్రుని కాలమువాడని ప్రతీతి. చదరంగపు 64 గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టింపు చేయుచు పోయినచో వచ్చే మొత్తమును ఆయన ఒక్క పద్యములో భూతసంఖ్యలతో బంధించాడు. ఆ మొత్తము 18446744073709551615. అన్ని వడ్లగింజల బరువు, పైన చెప్పిన లెక్క ప్రకారము, దాదాపు 36,900 కోట్ల టన్నులు. నేటి ప్రపంచమంతా ఏటా పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అనగా నాలుగు శతాబ్దములకు మించిన పంట! పాఠశాలలో కుప్పను లెక్కించిన బాలునకు మల్లన పద్యము కంఠస్థము చేయవలసిన వింత కాదు, అర్థమయ్యే పరిమాణము.

కొలత ఎవరిది?

ఈ విద్య వినోదమునకు మాత్రమే కాదనుటకు చరిత్ర సాక్షి. కౌటిల్యుని అర్థశాస్త్రములో ద్రోణము అనే కొలత నాలుగు విధములు. మినుములతో నింపినప్పుడు రాజునకు ఆదాయము స్వీకరించే ద్రోణము 200 పలములు. వర్తకములో వాడే ద్రోణము 187½ పలములు. ఇచ్చివేయునప్పుడు వాడేది 175. అంతఃపురమునకు ఇచ్చేది 162½. పేరు ఒక్కటే, పుచ్చుకొనే పాత్ర పెద్దది, ఇచ్చే పాత్ర చిన్నది. ఇది రహస్యము కాదు, శాస్త్రములో వ్రాసిన విధానము. అయినను, కొలతపాత్ర ఎవరి చేతిలో ఉన్నదో సంపద అటే ఒరుగునని ఇది తెలుపుచున్నది.

తెలుగునాట సోల, తవ్వ, మానిక, కుంచము, తూము, పుట్టి అనే కొలతలు ప్రాంతమును బట్టి మారుతుండేవి. 4 మానికలు కుంచము, 4 కుంచములు తూము, 20 తూములు పుట్టి అనే వరుస ప్రసిద్ధము. పుట్టికి 320 మానికలు. మానికలో చిటికెడు తేడా పుట్టిలో 320 చిటికెళ్లు. రెండవ ప్రపంచయుద్ధకాలమున నిజాం రాజ్యములో విధించిన లెవీ ధాన్యపు భారము చిన్నరైతులపై పడినది. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటమునకు గల కారణములలో అది ఒకటి. తన రాశి ఎంతో తనకు తెలియనివానికి, ఎంత పోయినదో కూడ తెలియదు.

నేడు పాత్ర బదులు ఎలక్ట్రానిక్ కాంటా వచ్చినది. 17 శాతము తేమ, తాలు, తరుగు అనే మాటలు వచ్చినవి. ఆ మాటల వెనుక ఉన్నది మరల అంశగ్రహణమే. బస్తాలలో నుండి తీసిన పిడికెడు గింజలే కుప్పంతటికి సాక్ష్యము చెబుతాయి. ఆ పిడికెడు ఎక్కడ నుండి తీయబడినదో అడుగగలిగిన రైతుబిడ్డ, ఉపాధి విచారణ నేర్చిన తార్కికుడే.

రాజ్యపాలనలో కూడ ఈ విద్య స్థిరపడినది. వరిపంట దిగుబడిని అంచనా వేయుటకు నేడు పొలములో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని యాదృచ్ఛికముగా ఎన్నుకొని కోసి, నూర్చి, తూచుతారు. తమకు నచ్చిన మడిని ఎన్నుకొనుటకు వీలులేదు. ఋతుపర్ణుని కంటిచూపు స్థానములో నిష్పక్షపాతమైన నియమము నిలిచినది. ఈ శాస్త్రమును భారతదేశములో వేళ్లూనించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1933లో ఆరంభించిన పత్రికకు సంఖ్య అని పేరు పెట్టి, ఆ శబ్దములో గణనము, సమ్యగ్‌జ్ఞానము అనే రెండు అర్థములు ఇమిడి ఉన్నవని వివరించాడు. ఆయన శిష్యుడై, ఆంధ్ర విశ్వవిద్యాలయములో చదివిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు ఈ విద్యలో ప్రపంచవిఖ్యాతుడై 2023లో కీర్తిశేషుడైనాడు.

కలి విడిచిన క్షణము

నలుడు రాజ్యము కోల్పోయినది పాచికల వలన. పాచికలు తానికాయలు. పాచికల విద్య లభించినది తానిచెట్టు క్రింద, ఆ కాయలను లెక్కించిన పిదప. దేహము విడిచిన కలి చేరినది కూడ ఆ చెట్టునే. ఇతిహాసము ఈ మూడింటిని ఒకచోట కూర్చుట యాదృచ్ఛికము కాదు. ఏ వస్తువు అజ్ఞానములో వినాశహేతువైనదో, ఆ వస్తువే జ్ఞానములో విమోచనహేతువైనది.

కలి నలుని ఆవేశించినది శౌచలోపమనే చిన్న రంధ్రము ద్వారా. ఆయనను విడిచినది ఒక విద్య సిద్ధించినప్పుడు. ఇంత పోయినది, ఇంత మిగిలినది, ఇంత రాగలదు అని స్పష్టముగా చూడగలవానిని ఆశ మోసగింపలేదు, భయము వంచింపలేదు, ఇతరుల కొలతపాత్ర దోచుకొనలేదు. నలుడు ఆ తరువాత పుష్కరునితో మరల ఆడి రాజ్యము గెలిచాడు. గెలిచినవాడు సోదరుని క్షమించి పంపాడు. లెక్క తెలిసిన చేతికి ఔదార్యము కూడ సులభమైనది.

వీర్నపల్లి బాలుడు మూడుమూరల కుప్ప చుట్టూ త్రాడు పట్టి తిరిగినప్పుడు చేయునది ఈ విద్యలో మొదటి అడుగే. రేపు తండ్రితో కల్లములో నిలిచి, కాంటా ముల్లు కదలకముందే, ఇంత ఉండవలెనని అతడు చెప్పగలడు. తరువాత తూచి చూస్తాడు. చెప్పుటకును, చూచుటకును నడుమ ఉన్న ఆ నిజాయితీకే పూర్వులు సంఖ్యానము అని పేరు పెట్టారు.